వృద్ధుల తీర్థయాత్ర – నాటి సిద్ధత, నేటి జాగ్రత్త



కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పెద్దలు సామెత చెప్పిరి. నేడు ఆ మాట విని నవ్వుకొందుము. రైలుబండి రాక పూర్వము అది నవ్వులాట కాదు. కాశికి బయలుదేరు వృద్ధుడు ఇంటి వ్యవహారములు చక్కబెట్టి, బంధువుల కడ సెలవు పుచ్చుకొని పోవుచుండెడివాడు. క్షేమముగా తిరిగివచ్చినచో గంగపూజ చేసి, కాశీ సమారాధన జరిపి నలుగురికి అన్నము పెట్టుట ఆచారము. ఆ సమారాధనలో భక్తి యెంత గలదో, ప్రాణములతో ఇల్లు చేరితిమను సంతోషమును అంత గలదు.

ఆ కాలపు యాత్ర యెట్టిదో తెలుపుటకు ఒక మహనీయుని చరిత్ర మనకు మిగిలియున్నది. చెన్నపట్నము సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఏబదియేండ్ల ప్రాయమున, 1830 మే 18వ తేదీన, సుమారు నూరుగురు పరివారముతో కాశికి బయలుదేరిరి. హైదరాబాదు, నాగపురము, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయను సేవించి, తిరుగుప్రయాణమున జగన్నాథము మీదుగా తీరమార్గమున వచ్చి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నము చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ప్రయాణము! దారిలోని విశేషములను తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి జాబులుగా వ్రాయుచు వచ్చిరి. అవి 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చుపడెను. బెజవాడ వాస్తవ్యులు దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో దానిని మరల ప్రకటించిరి.

ఆ గ్రంథమున దేవాలయముల మహిమతో పాటు, ఏ మజిలీలో మంచినీరు దొరకును, అంగళ్లు ఉన్నవా, దిగుటకు చోటున్నదా, దారి యెట్టిది అను వివరములును గలవు. భక్తి తక్కువై వారు వీనిని విచారింపలేదు. వెనుక వచ్చు యాత్రికుడు కష్టపడరాదని వ్రాసిరి. కావున ముందుచూపు భక్తికి విరోధము కాదు. అదియు తోటి భక్తునికి చేయు సేవయే.

1889లో నిజాం రైలుమార్గము బెజవాడ చేరినది. 1893లో కృష్ణపై రైలువంతెన ఏర్పడినది. మాసముల దారి దినములలోనికి వచ్చెను. దారి తగ్గినది గాని వార్ధక్యము తగ్గలేదు. పూర్వము దూరము వలన కలిగిన ఆపద నేడు రద్దీ వలన, వేగము వలన, కొండల చలి వలన కలుగుచున్నది. 1996 ఆగస్టులో అమరనాథ మార్గమున మంచుతుఫానులో రెండువందలకు పైగా యాత్రికులు అసువులు బాసిరి. అటుపిమ్మట ఆ యాత్రకు వయఃపరిమితియు, వైద్యుని ధ్రువపత్రమును నియమములైనవి. 2015 జూలై 14న గోదావరి పుష్కరముల తొలిదినమున రాజమహేంద్రవరములో త్రొక్కిసలాట జరిగి 27 మంది మరణించిరి. మన సమీపముననే 2020 జూన్‌లో వేదాద్రి నరసింహస్వామిని సేవించి ట్రాక్టరులో మరలిపోవుచున్న భక్తులను లారీ ఢీకొనగా పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి.

పుష్కరుడు పండ్రెండు దినములు నదిలో నుండునని గదా మన విశ్వాసము! అట్టిచో తొలిదినమే, తొలి ఘడియలోనే మునుగవలెనని వృద్ధులు త్రొక్కిడిలో పడుట యెందుకు? 2028లో కృష్ణా పుష్కరములు రానున్నవి. వేదాద్రి, ముక్త్యాల మనకు చేరువలోనే యున్నవి. రద్దీ తగ్గిన దినమున, గొలుసు పట్టుకొని, తోడు మనిషి చేయి విడువక స్నానమాడినను పుణ్యమునకు లోటు లేదు.

మేము తరచు గమనించు సంగతి యొకటి గలదు. బిడ్డలు ప్రయాణము వలదందురేమోయని పెద్దలు గుండెనొప్పిని, మోకాళ్ల నొప్పిని దాచుకొందురు. దీనిని తప్పని యనుటకు మాకు మనసొప్పదు. ఆ దాపరికము వెనుక ఒక జీవితకాలపు కోరిక యున్నది. అయినను దాచిన రోగము దారిలో బయటపడిన యెడల తోడివారందరి యాత్రయు ఆగిపోవును. కావున పెద్దలు నిజము చెప్పవలెను. బిడ్డలు ఆ నిజము విని యాత్రను మాన్పింపక, దానికి తగిన మార్గము చూపవలెను. కొండ యెక్కలేనివారికి డోలీ గలదు. దూరము పోలేనివారికి దగ్గరి క్షేత్రము గలదు.

బయలుదేరుటకు ముందు వైద్యునికి చూపించుకొనుడు. నాలుగు దినములకు అదనముగా మందులు ఉంచుకొనుడు. వానిని రెండు సంచులలో వేరువేరుగా పెట్టుడు. మీ పేరు, ఊరు, ఇంటివారి ఫోను సంఖ్య, వాడు మందుల పేర్లు తెలుగుతో పాటు హిందీలోను, ఇంగ్లీషులోను వ్రాయించి జేబులోనో, కొంగుననో భద్రపరచుకొనుడు. సొమ్మంతయు ఒకేచోట ఉంచకుడు. నగలు ఇంటనే విడువుడు. గుంపు నుండి తప్పిపోయినచో కలిసికొనవలసిన చోటు ముందే నిర్ణయించుకొనుడు. ఉపవాసము మందును మ్రింగుటకు అడ్డురానీయకుడు.

వీరాస్వామయ్య గారికి నూరుగురు పరివారము. మనకు అంత బలగము లేదు. ఒక మంచి తోడు, ఒక చిన్న చీటీ, కొంత ముందుచూపు చాలును. భగవంతుని దర్శించి, ప్రసాదము తెచ్చి మనుమల చేతిలో పెట్టిన నాడే యాత్ర పూర్తియైనట్లు. అట్టి యాత్రాఫలము మీకందరకు లభించుగాక!

శుభమస్తు.