కలుపుమందు చరిత్ర – ఉద్దానపు సందేహము



సేద్యమెంత ప్రాచీనమో కలుపును అంత ప్రాచీనము. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలలోను, టెక్కలి వరిమళ్లలోను మన పెద్దలు పారతోను, కొడవలితోను, చేతివ్రేళ్లతోను దానిని తొలగించుచు వచ్చిరి. కలుపులలో తుంగ మిక్కిలి మొండిది. సంస్కృతమున ముస్త యనబడి వైద్యమునకు పనికివచ్చు దీని గడ్డ, పైన కోసినకొలది క్రిందనుండి మరల మొలచును.

1945లో అమెరికాలో టూ ఫోర్ డి యను మందు అంగడికెక్కెను. అది వెడల్పాకు మొక్కలను చంపి, వరివంటి గడ్డిజాతిని విడుచును. 1970లో మోన్సాంటో సంస్థకు చెందిన జాన్ ఫ్రాంజ్ అను శాస్త్రజ్ఞుడు గ్లైఫోసేట్ నకు కలుపును చంపు శక్తి కలదని కనుగొనెను. 1974లో అది రౌండప్ అను పేర విక్రయమునకు వచ్చెను. ఆకుపై పడిన యీ మందు వేరువరకు దిగును. కూలీలు దొరకని రైతునకు ఇది వరమువలె తోచుటలో వింతలేదు.

అయితే కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో గత శతాబ్దపు చివరినుండి మూత్రపిండవ్యాధి ఇండ్లను కూల్చుచున్నది. నాయొద్ద చదువుకొన్నవారిలో కొందరు నడివయస్సుననే డయాలసిస్ పాలైరి. కలుపుమందే కారణమని కొందరును, కాదని కొందరును వాదింతురు. నీటిని, ఎండను, నొప్పిమాత్రలను, సేద్యపు మందులను శంకించి పరిశీలించినను, వైద్యులు ఇదియే కారణమని నేటివరకు నిర్ధారింపలేదు.

ఇట్టి వ్యాధి సింహళద్వీపమునందును కలదు. అచ్చటి ప్రభుత్వము 2015లో గ్లైఫోసేట్ ను నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించెను. నిషేధమునకు భయము చాలెను. నిరూపణమునకు సాక్ష్యము చాలలేదు. మన కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో, ఈ మందును తెగుళ్ల నివారణ వృత్తివారిచేతనే చల్లింపవలెనని ఉత్తర్వు చేసెను.

పొగను చూచి నిప్పును ఊహించుట తర్కము. పొగమంచును పొగయని భ్రమించి నిప్పున్నదనుట తర్కము కాదు. కాని సందేహము తీరువరకు జాగ్రత్త వహించుట ధర్మము. బావిగట్టున మందు కలుపరాదు. గాలికెదురుగా చల్లరాదు. ఖాళీడబ్బాను ఇంటి వాడుకకు తేరాదు. పారాక్వాట్ అను మరియొక కలుపుమందు కడుపులోనికి పోయినచో దానికి విరుగుడే లేదు. అట్టిదానిని పిల్లలకందునట్లు ఉంచరాదు. తుంగ మరల మొలచిన మరల పెరుకవచ్చును. పోయిన మూత్రపిండము మరల మొలవదు. ఈ మాట మీమీ గ్రామములందలి యువకులకు తెలియజేయుడని నా ప్రార్థన.