కూలి లెక్క, కంట్రాక్టు లెక్క

ఇల్లు కట్టించుకొన్న శ్రోతలకు మేస్త్రితో మాట పట్టింపు ఎట్లుండునో మేము చెప్పవలసిన పనిలేదు. పునాది లోతు ఎంత, గోడ మందమెంత, ఈ శనివారపు బట్వాడా ఎంత అను మూడు ప్రశ్నలలోనే సగము తగవులు పుట్టును. ఇంటి పనియైనచో యజమాని, మేస్త్రి, ఇరుగుపొరుగున నున్న ఒక పెద్దమనిషి అరుగుమీద కూర్చుండి ఒక పూటలో తేల్చుకొందురు. పని కృష్ణానదికి అడ్డముగా లేచు ఆనకట్ట అయి, పనివారు వేలసంఖ్యలో నుండి, వారి ఊళ్లు బహుదూరమున నున్నప్పుడు తగవు తీర్చువారెవరు? ఈ ప్రశ్నకు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల చరిత్రలో పెక్కు సమాధానములు కలవు. అన్నియు మంచి సమాధానములు కావు.

ఈ మెట్టసీమలో కట్టడపు పని యనగా మొదట చెరువు పని. నల్లగొండ దాపున పానగల్లు ఉదయసముద్రము, పాలమూరు సీమలో గణపురము చెరువు, ఇంకను పేరులేని కుంటలెన్నో మట్టిని తట్టలతో మోసి కట్టినవే. ఆ కాలపు ఒప్పందములలో దశబంధమను ఏర్పాటు ఒకటి కలదు. చెరువు కట్టించినవానికి, లేదా తెగిన కట్టను బాగుచేయించినవానికి, ఆ చెరువు క్రింది భూమిలో కొంత భాగము పన్ను లేకయో తగ్గించిన పన్నుతోనో ఇచ్చెడివారు. పదింట ఒక వంతు అను అర్థము ఆ పేరులోనే యున్నది. ఇందలి నేర్పు గమనింపదగినది. కట్ట కారినచో మొదట ఎండునది కట్టించినవాని పొలమే. నేటి ఒప్పంద పత్రములలో పని ముగిసిన పిదప ఇన్ని నెలలు లోపములకు కంట్రాక్టరే బాధ్యుడని వ్రాయుచున్నారు. దశబంధములో ఆ బాధ్యత తరతరములకు ప్రాకెడిది. అయితే శాసనములు దాత పేరు చెప్పును, రాజు బిరుదములు చెప్పును. తట్ట మోసినవాని కూలి విషయము అందు వెదకినను అరుదుగా దొరకును.

అసఫ్‌జాహీల కాలమున పల్లెలలో వెట్టి ప్రబలియుండెను. వెట్టిలో తగవు లేదు, ఏలయన అందు కూలి లేదు. అప్పు తీర్చుటకై దొర యింట ఏండ్ల తరబడి పనిచేయు భాగేలాకు లెక్క కలదు గాని, ఆ లెక్క దొర చేతిలో నుండెడిది. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ జిల్లా నట్టనడుమ సాగిన రైతాంగ పోరాటమునకు భూమితోపాటు ఈ వెట్టి కూడ ముఖ్యకారణమని అందరెరిగినదే.

మరియొక వైపు, 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప పెద్ద జలాశయముల యుగము ఆరంభమయ్యెను. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో, నిజాంసాగరు 1931లో ముగిసినవి. ఇట్టి పనులకు మట్టిపనిలో చేయితిరిగిన మనుష్యులు కావలెను. 1890లో మహబూబునగరమని పేరు మారినను ప్రజలనోట పాలమూరుగనే నిలిచిన జిల్లాలో వాన తక్కువ, రాతినేల ఎక్కువ. పంట చేతికి రాని ఏట ఇల్లు కదలక తప్పదు. ‘పాలమూరు కూలీ’ అనునది క్రమముగా ఒక పేరైపోయినది. దేశములో ఏ మూల ఆనకట్ట లేచినను ఆ మట్టిలో పాలమూరు చెమట కలదని ఈ జిల్లావారు చెప్పుకొనుట అతిశయోక్తిగా తోచవచ్చును. తోచినంత అతిశయోక్తి కాదు.

ఈ వలసకు గుంపు మేస్త్రి ఇరుసు వంటివాడు. కంట్రాక్టరు పెద్ద మేస్త్రికి సొమ్మిచ్చును. పెద్ద మేస్త్రి గుంపు మేస్త్రులకు పంచును. గుంపు మేస్త్రి తన ఊరిలోను, చుట్టుప్రక్కల తండాలలోను తిరిగి, భార్యాభర్తలను జంటగా కుదుర్చుకొని, ముందుగా బయానా ఇచ్చును. ఆ బయానాతో పెండ్లి బాకీ తీరును, ఎద్దు బాకీ తీరును, ఇంట మిగిలిన ముసలివారికి గింజలు సమకూడును. పనిచోట వారమునకొకసారి తిండికి ఖర్చీ ఇత్తురు. కూలి మాత్రము అప్పటికప్పుడు చేతికి రాదు. నెలలు గడచి పని ముగిసిన పిదప లెక్క చూతురు. మొత్తము కూలిలోనుండి బయానా తీసివేయుదురు, ఖర్చీ తీసివేయుదురు, జ్వరముతో పడుకొన్న దినములు తీసివేయుదురు, దారి ఖర్చులు తీసివేయుదురు. మిగిలినది కూలివానిది. ఏమియు మిగలనిచో బాకీ మరుసటి ఏటికి పోవును, కూలివాడును దాని వెంట పోవును.

ఇందులో మేస్త్రిని దుర్మార్గునిగా చిత్రించుట సులభము, కాని అది పూర్తి సత్యము కాదు. అతడును అదే ఊరివాడు, తరచు అదే కులమువాడు, ఒకప్పుడు తట్ట మోసినవాడే. కూలివానిని అతడు ‘తమ్మీ’ యనును. కూలివాడతనిని ‘అన్నా’ యనును. పరాయిదేశమున జబ్బుచేసినచో ఆస్పత్రికి తీసికొనిపోవువాడతడే. కంట్రాక్టరు సొమ్మీయక ముఖము చాటువేసినచో ఊరిలో నిలదీయబడువాడును అతడే. చిక్కు మరొకచోట నున్నది. లెక్క వ్రాయువాడతడు, లెక్క చదువువాడతడు, లెక్కలో తేడా యున్నదని కూలివాడన్నచో తీర్పు చెప్పువాడును అతడే.

మట్టిపనిలో లెక్క ఎట్లు తేలునో కొంచెము వివరింతుము. తవ్విన మట్టిని నూరు ఘనపుటడుగుల లెక్కన కొలిచెడివారు. మీటర్లు వచ్చిన పిదప ఘనమీటర్ల లెక్కన కొలుచుచున్నారు. గుంట నడుమ అక్కడక్కడ తవ్వక విడిచిన మట్టి దిబ్బల ఎత్తును బట్టి తవ్విన లోతు తెలియును. మట్టిని ఎంత దూరము మోసిరి, ఎంత ఎత్తునకు చేర్చిరి అనుదానిని బట్టి రేటు మారును. మెత్తని నేలకొక రేటు, మొరమునకొక రేటు, రాతికొక రేటు. ఇంజనీరు ఆ కొలతను ఎం.బుక్కులో ఎక్కించును. కంట్రాక్టరు బిల్లు ఆ పుస్తకమును బట్టి నడచును. కూలివానికి ఆ పుస్తకముతో సంబంధము లేదు. అతనికి మేస్త్రి నోటిమాటయే కొలత. మొరమును మెత్తని నేలగా చెప్పినచో ఒక జంట వారము రోజుల కష్టము కాగితమెక్కకనే కరగిపోవును.

నాగార్జునసాగరమును ఈ దృష్టితో చూడవలెను. నల్లగొండ జిల్లా నందికొండ వద్ద 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసెను. అప్పటికి ఆంధ్ర, హైదరాబాదు వేర్వేరు రాష్ట్రములు. ఇరువురికిని తగవు రాకుండ పైన ఒక కంట్రోలు బోర్డు ఏర్పడినది. విదేశీయంత్రముల ఖర్చును, సిమెంటును ఆదాచేసి వేలాదిమందికి పని కల్పించుటకై ఆనకట్టను రాతికట్టడముగా నిర్ణయించిరి. 409 అడుగుల ఎత్తునకు రాయి మీద రాయి మనుష్యుల చేతులతో లేచినది. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. రెండు ప్రభుత్వముల నడుమ బోర్డు కలదు. ప్రభుత్వమునకు కంట్రాక్టరుకు నడుమ మధ్యవర్తి నిబంధన కలదు. కంట్రాక్టరునకు కూలివానికి నడుమ మేస్త్రి కలడు.

ఆ మధ్యవర్తి నిబంధన చరిత్రయు ముచ్చటైనదే. 1940 నాటి మధ్యవర్తిత్వ చట్టము క్రింద మధ్యవర్తి ఇచ్చిన తీర్పును కోర్టులో దాఖలు చేసి డిక్రీ పొందవలసియుండెను. తీర్పు మీద ఆక్షేపణలు, వాటి మీద అప్పీళ్లు. తగవు తగ్గుటకు పెట్టిన చట్టమే తగవును పెంచెను. ఈ తతంగమును చూచి న్యాయవాదులు నవ్వుచున్నారని, ధర్మము తెలిసినవారు కంటతడి పెట్టుచున్నారని సుప్రీంకోర్టే 1981లో వాపోయెను. 1996లో కొత్త చట్టము వచ్చినది. మరియొక వింత కలదు. చిన్న మొత్తముల తగవులకు ప్రభుత్వశాఖలోనే వేరొక సర్కిలు సూపరింటెండింగు ఇంజనీరు మధ్యవర్తిగా కూర్చుండు ఏర్పాటు ఆంధ్రప్రదేశమున చాలకాలము సాగెను. ఒక పక్షము ఉద్యోగి ఆ పక్షపు తగవులో న్యాయమూర్తియగుట! 2015 సవరణ దీనిని కాదన్నది. తగవు పుట్టిన పిదప ఇరుపక్షములు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్ననే తప్ప అట్టివాడు మధ్యవర్తి కారాదు. కంట్రాక్టరు విషయమున ఇంత శ్రద్ధగా గుర్తించిన ఈ న్యాయసూత్రము గుంపు మేస్త్రి లెక్క దగ్గరకు ఏల చేరలేదో మాకు తోచదు.

ఇంజనీర్లకు ఈ విషయములపై శిక్షణ లేకపోలేదు. ఇంజనీర్ల సంస్థ 1981లో హైదరాబాదున స్థాపించిన స్టాఫ్ కళాశాల మొదలగు చోట్ల ఉద్యోగములోనున్న ఇంజనీర్లు వచ్చి పాఠములు విందురు. 2021 డిసెంబరు 18వ తేదీన భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ హైదరాబాదులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రమును ప్రారంభించెను. పని ఆలస్యమునకు బాధ్యులెవరు, ఒప్పందములో లేని పనికి రేటెట్లు కట్టవలెను, ధరలు పెరిగినచో భారమెవరిది, ఇట్టి ప్రశ్నలకు నేడు పండితులు కలరు. ఆ ఉపన్యాసముల పట్టికలో ‘కూలి బట్వాడా’ అను శీర్షిక ఒకటి చేర్చదగును. పనిచోట తగవు మొదట రాజుకొనునది అక్కడనే గదా.

చట్టము కూలివానిని పూర్తిగా మరచెననుట అన్యాయము. రాష్ట్రము దాటి పోవు వలస కార్మికుల కొరకు 1979లో ఒక చట్టము చేసిరి. ఫొటో అతికించిన పాసుబుక్కు ఇచ్చి, అందు కూలి రేటు, ఇచ్చిన బయానా వ్రాయవలసియుండెను. అదియు కూలివానికి తెలిసిన భాషలో. నెలకూలిలో సగము స్థానచలన భత్యముగా ఈయవలసియుండెను. అన్నిటికన్న మేలైనది మరియొక నిబంధన. పని ముగించి ఇంటికి వచ్చిన కూలివాడు ఆరు నెలలలోపల తన సొంత రాష్ట్రముననే తగవు దాఖలు చేసుకొనగలిగెడివాడు. దూరదేశపు కచేరీలో తెలియని భాషలో నిలువనక్కరలేకుండెను. పాసుబుక్కు నిజముగా చేతికి వచ్చియుండినచో ఆ దాఖలు ఎంత సులభమై యుండెడిదో ఊహింపుడు. మేస్త్రి గుంపులలో అట్టి పాసుబుక్కు బహు అరుదుగా నుండెను.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడముల కూలి విషయమున సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ సందర్భమున తలపదగినది. దినమునకు 9 రూపాయల 25 పైసలు కనీసకూలి. అందులో ఒక రూపాయి జమేదారు తన కమీషనుగా తీసికొనుచుండెను. కనీసకూలికి తక్కువగా ఇచ్చి పనిచేయించుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరి యగునని జస్టిస్ భగవతి నిర్ణయించెను. ఆ జమేదారు మన గుంపు మేస్త్రికి ఉత్తరదేశపు అన్నగారే. వెట్టి అను మాటకు నల్లగొండ పల్లెలలో నున్న అర్థము ఆ ఒక్క రూపాయితో ఢిల్లీలో కొత్తగా తెలిసినది.

1979 నాటి చట్టముతో సహా పాత కార్మికచట్టములను కలిపి చేసిన నాలుగు సంహితలు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినవి. పేర్లు మారినవి. మేస్త్రి లెక్క పుస్తకము మారినదో లేదో ఊళ్లకు పోయి చూడవలసియున్నది.

ఈ నడుమ వలస దిశ కొంత తిరిగినది. శ్రీశైలము ఎడమగట్టు కాలువ కొరకు నల్లమల కొండ క్రింద త్రవ్వుచున్న సొరంగము 44 కిలోమీటర్ల పొడవు. నల్లగొండ మెట్టలకు కృష్ణానీరు చేర్చుటకు ఉద్దేశింపబడినది. 2025 ఫిబ్రవరి 22వ తేదీన దోమలపెంట వైపున దాని పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకొనిరి. నెల దాటిన గాలింపులో ఇద్దరి దేహములు వెలికి వచ్చినవి. ఆ ఎనిమిదిమందిలో నలుగురు జార్ఖండు కూలీలు. ఒకప్పుడు పాలమూరు నుండి అన్ని దిక్కులకు పోయినట్లే, నేడు జార్ఖండు పల్లెలనుండి మనుష్యులు పాలమూరునకు వచ్చుచున్నారు. అక్కడ ఇంటి ముసలివారికి కూలి లెక్క ఎవరు చెప్పుదురు, ఏ భాషలో చెప్పుదురు అను ప్రశ్న ఈసారి మన గడప దగ్గరనే నిలిచియున్నది.