సబ్‌మెర్సిబుల్ పంపు కథ: గుంతలోకి మనిషి దిగనవసరం లేని రోజు కోసం

రాచర్ల, గిద్దలూరు ప్రాంతంలో నేను వైద్యవృత్తిలో ఉన్న కాలంలో, ఒక వేసవి మధ్యాహ్నం ఒకే ఇంటికి చెందిన ఇద్దరు అన్నదమ్ములను ఆసుపత్రికి తీసుకొనివచ్చారు. ఇంటి వెనుక మురుగు గుంతలో మోటారు ఆగిపోయిందని తమ్ముడు లోపలికి దిగాడు. పిలిస్తే పలకలేదు. అతనిని పైకి తీసుకొని రావడానికి అన్న దిగాడు. ఊరివారు తాళ్లు వేసి ఇద్దరినీ పైకి లాగేసరికి తమ్ముడు మరణించాడు, అన్న బ్రతికాడు. స్పృహ వచ్చిన తరువాత అతడు నన్ను అడిగిన మొదటి మాట: "మా తమ్ముడికి ఎట్టా ఉంది సార్?"

తరువాత ఆ మోటారును తాడుతో పైకి తీసి చూశారు. దాని రెక్కలకు చుట్టుకొని ఉన్నది ఒక పాత గుడ్డముక్క.

నీటిలో మునిగి పనిచేసే పంపును మనిషి కనుగొన్నది, మనిషి లోతులోకి దిగవలసిన అవసరాన్ని తప్పించుకోవడానికి కూడా. ఆ పంపు కోసమే మనిషి దిగి మరణించడం కంటే విషాదం ఏముంటుంది? ఆ సంగతిని అర్థం చేసుకోవాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

మోట నుండి మోటారు వరకు

నల్లమల కొండల చెంత ఉన్న మన పశ్చిమ ప్రకాశం వానలు తక్కువగా కురిసే నేల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా నీటి కొరత మారలేదు. గుండ్లకమ్మకు అడ్డంగా నిర్మించిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ దానిని కట్టించిందని ప్రతీతి. చెరువు నీరు అందని పొలాలకు బావులే ఆధారం. ఎద్దులు మోట లాగుతుంటే బాన నిండి పైకి వచ్చేది. మనిషి బావిలోకి దిగేది పూడిక తీయడానికి, అదీ ఎప్పుడో ఒకసారి.

ఆయిల్ ఇంజన్లు, ఆపైన కరెంటు మోటార్లు వచ్చాయి. ఇక్కడ మన తెలుగువారి పాత్ర ఒకటి చెప్పుకోవాలి. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో తయారుచేసిన విద్యుత్ మోటారు మన దేశంలో తయారైన తొలి మోటారుగా ప్రసిద్ధి పొందింది. ఆ తరువాత కోయంబత్తూరు మోటార్లు దక్షిణ భారతదేశమంతటా రైతుల బావుల వద్దకు చేరాయి.

అయితే ఒడ్డున నిలిచి నీటిని పీల్చే పంపుకు ప్రకృతి ఒక హద్దు పెట్టింది. పంపు నీటిని "లాగదు". అది గొట్టంలో గాలి పీడనాన్ని తగ్గిస్తే, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు టోరిసెల్లి 1640ల నాటికే ఈ రహస్యాన్ని గ్రహించాడు. ఆ పీడనం నీటిని సిద్ధాంతరీత్యా సుమారు 10 మీటర్ల ఎత్తుకు, ఆచరణలో 7, 8 మీటర్లకు మాత్రమే ఎత్తగలదు. బావిలో నీరు అంతకంటే క్రిందికి పోతే, పంపును కూడా క్రిందికి దింపవలసిందే. అందుకే మన బావులలో మెట్లకు దిగువన దిమ్మె కట్టి మోటారు బిగించారు. ఫుట్‌వాల్వు సరిచూడటానికి, పంపులో నీరు పోయడానికి రైతు రోజూ బావిలోకి దిగాడు. కొందరు ఆయిల్ ఇంజనునే బావిలోకి దించారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు. సౌకర్యంతో పాటు మృత్యువు కూడా అలా బావిలోకి దిగింది.

గుంతలోని గాలి

మురుగు గుంత మరింత ప్రమాదకరమైనది. ఈ విషయాన్ని వైద్యశాస్త్రంలో మొదట శ్రద్ధగా గమనించినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని. మొదేనా నగరంలో తన ఇంటి మురుగు గుంతను శుభ్రం చేస్తున్న పనివాడు ఊపిరి తిప్పుకోకుండా తొందరపడటం చూసి, కారణం అడిగాడు. ఎక్కువసేపు లోపల ఉంటే కళ్లు పోతాయని అతడు చెప్పాడు. ఆ సంభాషణే 1700లో వెలువడిన రామజ్జిని గ్రంథానికి ప్రేరణ అయింది. వృత్తి సంబంధ వ్యాధుల శాస్త్రానికి అదే పునాది. పనివారి జేబులలోని నాణేలు నల్లబడతాయని కూడా ఆయన వ్రాశాడు. కళ్లను మండించి, లోహాన్ని నల్లబరిచే ఆ వాయువును నేడు మనం హైడ్రోజన్ సల్ఫైడ్ అంటున్నాము.

కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన గల ఈ వాయువు గాలి కంటే బరువైనది. గుంత అడుగున నిలిచి ఉంటుంది. తక్కువ మోతాదులో వాసన స్పష్టంగా తెలుస్తుంది. పది లక్షల పాళ్లలో 100 పాళ్లకు చేరేసరికి అది ముక్కులోని వాసన పసిగట్టే శక్తినే స్తంభింపజేస్తుంది. "ఇందాకటి వాసన పోయింది, ఇక ఫరవాలేదు" అని మనిషి భావించే క్షణమే అతి ప్రమాదకరమైనది. 500 పాళ్లు దాటితే నిమిషాలలో, 1000 పాళ్ల వద్ద ఒకటి రెండు శ్వాసలలోనే మనిషి కూలిపోవచ్చు. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు దానిని వాడుకోలేవు. దీనికి తోడు, కుళ్లుతున్న మలినాలు గుంతలోని ప్రాణవాయువును హరిస్తాయి. మండే స్వభావం గల మీథేన్ కూడా పుడుతుంది.

దీపం దించి చూసే పద్ధతి మన పెద్దలకు ఉండేది. దీపం ఆరితే దిగకూడదనేవారు. ప్రాణవాయువు బాగా తగ్గితే ఆ పరీక్ష తెలియజేస్తుంది. కానీ దీపం వెలుగుతున్నా విషవాయువు మనిషిని చంపగలదు; మీథేన్ ఉన్నచోట దీపమే పేలుడుకు కారణం కాగలదు. ఆ పరీక్షను నేడు నమ్మరాదు.

లండన్‌లోని పోస్ట్‌మ్యాన్స్ పార్క్‌లో, ఇతరులను కాపాడబోయి మరణించిన సామాన్యుల స్మారక ఫలకాలు ఉన్నాయి. వాటిలో ఒకటి 1895 జూలై 1న ఈస్ట్ హామ్ మురుగునీటి పంపింగ్ కేంద్రంలో, ఒక సహచరుని రక్షించబోయి ప్రాణాలు కోల్పోయిన నలుగురిది. ఆ ఫలకం ముందు నిలిచిన వైద్యునికి తోచేది ఒక్కటే: ఈ ప్రమాదంలో ధైర్యం మందు కాదు.

నీటిలో మునిగే మోటారు

పంపును క్రిందికి దించి, మనిషిని పైనే ఉంచే ఉపాయం ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చింది. టిఫ్లిస్‌లో పుట్టిన ఆర్మేనియన్ ఇంజనీరు ఆర్మైస్ అరుటునోఫ్, నీరు చొరబడని విధంగా మూసివేసిన మోటారును రూపొందించి, 1923లో అమెరికాకు వలసపోయాడు. 1930లో ఒక్లహోమాలో ఆయన స్థాపించిన రెడా సంస్థ, చమురు బావులలో ఈ పంపులను ప్రచారంలోకి తెచ్చింది. పీల్చకుండా అడుగు నుండి నెట్టే పంపుకు 10 మీటర్ల హద్దు వర్తించదు. నేడు మన బోర్లలో వందల అడుగుల లోతున తిరిగే మోటార్లు ఆ సూత్రంపైనే పనిచేస్తున్నాయి.

స్వీడన్‌లో సిక్స్టెన్ ఎంగ్లెసన్ 1947లో గనులు, నిర్మాణ పనుల నుండి నీరు తోడే సబ్‌మెర్సిబుల్ పంపు నమూనాను తయారుచేశాడు. 1956లో అదే ఫ్లిగ్ట్ సంస్థ మురుగునీటి పంపును తెచ్చింది. అటుపైన నిలువు పట్టాల వెంట పంపు జారి, తనంతట తాను గొట్టానికి అతుక్కొనే ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. గొలుసు లాగితే పంపు పైకి వస్తుంది. బోల్టు విప్పడానికి ఎవరూ దిగనక్కరలేదు. ఈ చరిత్రలో ఆరోగ్యరీత్యా గొప్ప ఆవిష్కరణ నా దృష్టిలో ఆ గొలుసే.

పరికరం వచ్చినా దిగుడు ఆగలేదు

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో, ఆంధ్రప్రదేశ్ నుండి వలస వెళ్లిన ఇద్దరు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చిక్కుకొన్నారు. దారిన పోతున్న ఒక ఆటో డ్రైవరు వారిని కాపాడటానికి దిగాడు. ముగ్గురూ మరణించారు. ఆ ఘటన కదిలించిన యువ ఇంజనీర్లు "బాండికూట్" అనే మ్యాన్‌హోల్ శుభ్రపరచే రోబోను నిర్మించారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి దిగింది.

చట్టం కూడా మారింది. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ ద్వారా సుదీర్ఘ పోరాటం చేశారు. 2016లో మెగసెసే పురస్కారం అందుకొన్నారు. ఆ సంస్థ 2003లో వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, మురుగు పనిలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో దానిని 30 లక్షలకు పెంచింది. 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువను లేదా సెప్టిక్ ట్యాంకును మనిషి చేత శుభ్రం చేయించడం నేరం. ఇంటి యజమానికి కూడా ఈ నిషేధం వర్తిస్తుంది.

అమర్చేనాడే ఆలోచించవలసినవి

పంపు చెడిపోయిన రోజు ఏమి చేయాలో, దానిని బిగించిన రోజే నిర్ణయమైపోతుంది. ఈ చరిత్ర నుండి మన ఇళ్లకు వర్తించే సూత్రాలు ఇవి:

1. పంపును గొలుసు లేదా తుప్పుపట్టని తాడుతో వ్రేలాడదీసి, దాని పై కొసను గుంత అంచున కొక్కేనికి కట్టండి. కరెంటు తీగ పట్టుకొని పంపును లాగకూడదు. గొట్టానికి మూత దగ్గర, చేతికి అందేచోట విప్పుకోగల అతుకు ఉండాలి.

2. మురుగుకు మురుగు పంపునే వాడండి. మంచినీటి పంపులో గుడ్డలు, వెంట్రుకలు చిక్కుకొని మాటిమాటికీ ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి దిగాలనిపిస్తుంది.

3. పంపును బురదలో కాక చదునైన రాతిపై నిలపండి. ఫ్లోట్ స్విచ్చి గోడకు తగలకుండా తేలాలి. వెనుకకు నీరు రాకుండా ఒక వాల్వు ఉండాలి.

4. సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును తెంచే రక్షణ స్విచ్చి తప్పనిసరి. తీగల అతుకులు నీటికి పైన ఉండాలి. పంపును ముట్టుకొనే ముందు స్టార్టరు ఆపితే చాలదు. మెయిన్ ఆపి, ఎవరూ తిరిగి వేయకుండా చూడాలి. ఈ పని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

5. గుంతకు ఇంటి కప్పును మించిన ఎత్తులో గాలి గొట్టం, పిల్లలు తీయలేని బరువైన మూత ఉండాలి.

6. కొత్తగా కట్టిన సంపు కూడా సురక్షితం కాదు. రోజుల తరబడి మూసి ఉన్న సంపులో తడిసిన సెంట్రింగ్ చెక్క ప్రాణవాయువును హరిస్తుంది. చెక్క తీయడానికి దిగినవారు మరణించిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము.

7. ఎవరైనా లోపల పడిపోతే మీరు దిగకండి. 108కి, 101కి ఫోన్ చేయండి. ముందే నడుముకు తాడు కట్టి ఉంటే పైనుండి లాగండి. శ్వాస పరికరం ధరించిన శిక్షితులే లోపలికి వెళ్లాలి.

ఏడవ సూత్రం చెప్పడం తేలిక, పాటించడం కఠినం. లోపల ఉన్నవాడు తోడబుట్టినవాడైతే ఏ అన్న గట్టుపై నిలబడగలడు? అందుకే మొదటి సూత్రం ముఖ్యం. ఆనాడు ఆ ఇంటి గుంత అంచున ఒక కొక్కెం, దానికి పది అడుగుల గొలుసు ఉండి ఉంటే, ఆ అన్న నన్ను ఆ ప్రశ్న అడగవలసి వచ్చేది కాదు. ఈరోజే మీ ఇంటి వెనుకకు వెళ్లి, మూత దగ్గర ఆ గొలుసు ఉన్నదో లేదో చూడండి.