నమూనా ఐక్యరాజ్యసమితి సభానియమాల పుట్టుపూర్వోత్తరాలు

విద్యార్థులు ఒక్కో దేశం తరఫున వాదించే నమూనా దౌత్యసభలు ఐక్యరాజ్యసమితి కంటే ముందే పుట్టాయి. 1920లలోనే హార్వర్డ్ వంటి అమెరికా విశ్వవిద్యాలయాల్లో నానాజాతి సమితి సమావేశాలను అనుకరించేవారు. ఆ సమితిలో ముఖ్య నిర్ణయాలకు హాజరైన సభ్యదేశాలన్నీ ఒప్పుకోవలసిందే. 1945లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ఆ పట్టు సడలించింది: సర్వప్రతినిధి సభలో ముఖ్యాంశాలకు మూడింట రెండు వంతుల ఓట్లు, మిగతావాటికి సాధారణ మెజారిటీ చాలు. హార్వర్డ్ సభ 1953లో కొత్త సంస్థ నమూనాకు మారింది.

పేరు ఐక్యరాజ్యసమితిదే అయినా, ఈ సభల నియమాల మీద అమెరికా క్లబ్బులు, సంఘాల సంప్రదాయపు ముద్రే ఎక్కువ. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించి, దాన్ని అదుపు చేయలేకపోయిన సైనిక ఇంజనీరు హెన్రీ మార్టిన్ రాబర్ట్, పట్టుబట్టి సభామర్యాదలు అధ్యయనం చేసి 1876లో ఒక నియమావళి ప్రచురించాడు. ఏ ప్రతిపాదన ముందు చేపట్టాలి, దేన్ని మరొకరు బలపరచాలి, చర్చ ఎప్పుడు ముగించాలి అన్న విషయాలలో అమెరికన్లకు అదే ప్రమాణమైంది.

విద్యార్థులు సొంతంగా చేర్చుకున్నవీ ఉన్నాయి. వక్తల జాబితాను పక్కనపెట్టి, చేయెత్తిన వారిని అధ్యక్షులు పిలిచి కొన్ని సెకన్లపాటు మాట్లాడించే ‘మోడరేటెడ్ కాకస్’ సర్వప్రతినిధి సభ నియమాల్లో ఎక్కడా లేదు. అయినా అది మంచి ఏర్పాటు. వందమంది కూర్చున్న సభలో జాబితానే నమ్ముకుంటే చాలామంది నోరు విప్పకుండానే ఇంటికి వెళ్తారు. 1968లో మొదలైన హేగ్ నమూనా సదస్సు మరో దారి పట్టింది: అక్కడ తీర్మానం ప్రవేశపెట్టినవారు వేదికెక్కి ప్రశ్నలకు జవాబిచ్చి, మరొకరికి వేదిక అప్పగిస్తారు.

ఈ నమూనా సభల అసలు లోటు ఓటింగు మీదే ఆధారపడడంలో ఉంది. సర్వప్రతినిధి సభ తీర్మానాల్లో అధికభాగం ఓటింగు లేకుండా ఏకాభిప్రాయంతోనే ఆమోదం పొందుతాయి. దౌత్యవేత్తల శ్రమంతా అంతకుముందు జరిగే అనధికార సంప్రదింపుల్లో, ఒక్కో వాక్యం మీద సాగే బేరసారాల్లో ఉంటుంది. ఉత్తమ ప్రతినిధి బహుమతి కోసం పోటీపడే విద్యార్థులకు ఆ ఓపిక అలవడడం కష్టం. 2009లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి స్వయంగా ప్రపంచ నమూనా సదస్సు నిర్వహించి, తన అసలు పద్ధతులకు దగ్గరగా ఉండే నియమాలను ముందుకు తెచ్చింది. ఆ తర్వాత ఏకాభిప్రాయాన్ని నేర్పే మార్గదర్శకాలనూ వెలువరించింది. అయినా అమెరికా పద్ధతి వాడుక తగ్గలేదు. భారతదేశంలో విద్యార్థులు నడిపే లోక్‌సభ, అఖిలపక్ష సమావేశాల నమూనాల్లోకి కూడా మోడరేటెడ్ కాకస్ వచ్చి చేరింది.