ప్రతాపరుద్రుని నిర్యాణము - శాసనపాఠము

క్రీ. శ. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట ప్రతాపరుద్రుఁడు బందీగా ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు మార్గమధ్యమున మరణించెనని చరిత్రపాఠములు సాధారణముగా నొక్క వాక్యమునఁ జెప్పి విడుచును. మూలములఁ జూచినచో విషయ మంత సులభము గాదు. ఆ కాలమునకు సమీపమైన ప్రోలయనాయకుని విలసశాసనము సోమోద్భవాతీరమున నాతఁడు దివంగతుఁడయ్యె నని చెప్పుచున్నది. నూఱేండ్ల పిమ్మట, 1423లో వెలసిన రెడ్డిరాణి అనితల్లి కలువచేరు శాసనము, తన యిచ్ఛచేతనే దేవలోకమున కేఁగె నని చెప్పుచున్నది. దీనినిబట్టి కొందఱు చారిత్రకు లాత్మత్యాగము నూహించిరి. అది యథార్థకథనమా? లేక ప్రభువునకుఁ బరాభవ మంటనీయని ప్రశస్తివచనమా?

ఈ ప్రశ్నయే బోధనమునకుఁ బ్రాణము. విలసశాసనమును బ్రకటించిన ఎపిగ్రాఫియా ఇండికా 32వ సంపుటము నేఁడు అంతర్జాల భాండాగారములలో లభించుచున్నది. ఒకప్పుడు పెద్ద గ్రంథాలయములకుఁ బోయినఁగాని కానరాని పుటను పల్లె విద్యార్థియు నిప్పుడు చూడఁగలఁడు. కాని చూచుట వేఱు, చదువుట వేఱు. సోమోద్భవ యనఁగా నర్మదయే యని యమరకోశము నెఱింగిన పండితుఁడు చెప్పినఁగాని, ఆ తీర మెక్కడిదో బాలునకుఁ దెలియదు.

కావున నీ భాండాగారములు పండితుని పనిని దగ్గింపలేదు, పెంచినవి. శాసనపాఠమును ముందిడి, పదార్థమును విడమఱచి, దీని నెవరు, ఎప్పుడు, ఎవరి కీర్తికై వ్రాయించిరని యడిగినచోఁ జరిత్రము వల్లెవేయు పాఠము గాక విచారింపఁదగిన శాస్త్ర మగును.