క్షయక్రిమికి రెండు ప్రశ్నలు



మాది జహీరాబాదు. మా యూరినుండి వికారాబాదునకు రైలుమార్గ మున్నది. అచ్చటికి చేరువనున్న అనంతగిరి కొండమీద క్షయరోగులకు చికిత్సాలయ ముండెడిది. మా మేనమామగారు అక్కడికి పోలేదు. నా చిన్నతనమున, 1960 తరువాత, ఆయనకు క్షయ సోకగా ఇంటివద్దనే మూడు నెలలు సూదిమందు తీసికొనిరి. ఒడలు కోలుకొనగానే మందు మాని జొన్నకోతకు పోయిరి. ఏడాది తిరుగకుండ మరల దగ్గు, మరల రక్తము. ఆ సూదిమందే మరల ఇచ్చిరి. ఈసారి గుణము కానరాలేదు. ఏల? నేటి నా ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

రాజయక్ష్మమును పూర్వవైద్యులు జ్వరమును, దగ్గును, కృశించుటను బట్టి గుర్తించెడివారు. 1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కాక్ పండితుడు ఆ రోగమునకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు ప్రకటించెను. పిమ్మట జీల్, నీల్సన్ అను శాస్త్రజ్ఞులు దానికి రంగువేయు పద్ధతిని చక్కదిద్దిరి. రోగి కఫమును గాజుపలకపై పూసి, ఎఱ్ఱరంగు పోసి వేడిచేసి, ఆమ్లముతో కడుగుదురు. తక్కిన క్రిములు రంగు విడుచును. మైనమువంటి పొరగల క్షయక్రిమి విడువదు. సూక్ష్మదర్శినిలో నీలిరంగు నడుమ ఎఱ్ఱని సన్నపు పుల్లవలె కనబడును. అయినను కఫమున మిల్లీలీటరుకు సుమారు 5,000 క్రిములైన లేనిదే ఈ పరీక్షకు చిక్కుట కష్టము.

క్రిమి ఉన్నదా యనునది మొదటి ప్రశ్న. అది ఏ మందునకు లొంగు ననునది రెండవది. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను. 1948లో ప్రకటింపబడిన బ్రిటిషు పరీక్షలో, ఆ మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆరు నెలలలో నలుగురే మరణించిరి. పుచ్చుకొనని 52 మందిలో 14 మంది పోయిరి. కాని పలువురిలో క్రిములు మందును ధిక్కరింప నేర్చెను. ఐదేండ్లకు ఆ లాభము చాలవరకు కరిగిపోయెను. కోట్లకొలది క్రిములలో ఏ కొన్నియో పుట్టుకతోనే ఆ మందును ఓర్చును. ఒక్క మందే ఇచ్చినను, నడుమ మానినను, తక్కినవి చచ్చి అవియే వృద్ధి పొందును. పలుమందులు కలిపి యిచ్చుట అందువలననే వచ్చినది.

రెండవ ప్రశ్న నడుగు విధ మిది. కోడిగ్రుడ్ల సొన కలిపిన ఆహారమును సీసాలలో గడ్డకట్టించి, కొన్నిట మందు చేర్చి, కొన్నిట చేర్చక, రోగి కఫమునందలి క్రిములను నాటుదురు. మందులేని సీసాలో నూరు పెరిగినచోట మందున్న సీసాలో ఒక్కటైనను పెరిగిన, ఆ మందు ఇక పనికిరాదని తలతురు. క్షయక్రిమి ఒకటి రెండగుటకు సుమారు 20 గంటలు పట్టును గనుక ఫలితమునకు వారములు, నెలలు గడచును. హైదరాబాదు చెర్లపల్లియందు లెప్రా సంస్థవారి బ్లూ పీటరు కేంద్రమున ఇట్టి పరీక్షలు జరిగినవి. మా మేనమామగారి కఫమును ఆ ప్రశ్న అడిగినవారే లేరు. ఆయన ఆ చలికాలము దాటలేదు.

2010లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించిన జన్యుపరీక్షాయంత్రము క్రిమి యున్నదా యనియు, రిఫాంపిసిను మందునకు లొంగునా యనియు రెండు గంటలలో తెలుపును. మన దేశమున రూపొందిన ట్రూనాట్ యంత్రమును 2020లో అదే సంస్థ ఆమోదించెను. తక్కిన మందుల సంగతి తేల్చుటకు సీసాల పరీక్ష నేటికిని అక్కఱకు వచ్చుచున్నది.

దగ్గు రెండు వారములు మించినచో సర్కారు ఆసుపత్రిలో కఫపరీక్ష చేయించుకొనుడు. అందుకు రుసుము లేదు. క్షయ యని తేలిన, మందునకు లొంగునో లేదో కూడ అడిగి తెలిసికొనుడు. ఒంటికి బలము వచ్చినదని గడువునకు ముందే మందు మానకుడు. జొన్నకోత మఱుసటి యేడును వచ్చును.