మద్రాసు క్షయ అధ్యయనం

క్షయ రోగిని శానిటోరియంలో, అంటే క్షయ ఆస్పత్రిలో, చేర్చక తప్పదా, ఇంట్లోనే ఉంచి మందులివ్వవచ్చా అని గణాంక పద్ధతిలో తేల్చిన ప్రయోగం ఇది. 1950లలో భారతదేశంలో క్షయ రోగులు లక్షల్లో, ఆస్పత్రి పడకలు వేలల్లో ఉండేవి. అందుకే ఆ ప్రశ్నకు అంత బరువు.

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి 1956లో మద్రాసులో ఒక కేంద్రం నెలకొల్పాయి. బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ దానికి సారథి. నగరంలోని ఇరుకిళ్ల పేదల నుంచి 193 మంది రోగులను తీసుకుని, ఎవరు ఇంట్లో, ఎవరు శానిటోరియంలో అన్నది లాటరీ తరహాలో నిర్ణయించారు. ఈ ఏర్పాటే ప్రయోగానికి ప్రాణం. వైద్యుడే ఎంచితే జబ్బు ముదిరినవారంతా ఒకే వైపు చేరవచ్చు. అప్పుడు పోలికకు అర్థముండదు. ఐసోనియాజిడ్, పాస్ మందులు ఏడాది పాటు రెండు వర్గాలకూ ఒకటే. ఇంట్లో ఉన్నవారు మందు మింగుతున్నారో లేదో మూత్ర పరీక్షలతో కనిపెట్టేవారు.

1959లో వెలువడిన ఫలితం వైద్య లోకాన్ని ఆశ్చర్యపరిచింది. శానిటోరియంలో తిండి, విశ్రాంతి మెరుగు. అయినా ఇంటి రోగులూ దాదాపు అంత బాగానే కోలుకున్నారు. వారి కుటుంబాలకు అంటు ముప్పూ పెరగలేదు. ఇంట్లోవారికి అసలు ప్రమాదం చికిత్సకు ముందటి రోజుల్లోనే.

తర్వాతి దశాబ్దాల్లో అనేక దేశాలు ఇంటి చికిత్సకు మళ్లాయి. ఆ కేంద్రమే నేడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.